నాలుగు టైర్లకు తలంటు

మావారూ నేనూ కలిసే హైదరాబాదు బయల్దేరాం. ఆయన కారులో, నేను రైల్లో.

ఇదేం కలిసి బయల్దేరడం అని నవ్వకండి. ఏలూరులో మా వీధి వీధంతా అప్పటికే నవ్వింది. తెల్లారకముందే మావారు తన ఎర్రకారు బయటికి తీసి, హారన్ ఒకసారి మోగించి, ఆశ చావక గుమ్మంకేసి చూశారు. నేను ట్రంకుపెట్టె మీద కదలకుండా కూచుని, "నాకు స్టేషనుకి రిక్షా పిలవండి" అన్నాను. మా అత్తగారు ఇద్దరికీ చెరో పులిహోర పొట్లం కట్టిచ్చి, ముందు ఎవరికి ఎదురు రావాలో తెలీక గుమ్మంలోనే నిలబడిపోయారు.

ఆ కారు సంగతి చెప్పకపోతే ఈ ప్రయాణం మీకు అర్థం కాదు. మావారు డాక్టరు. డాక్టర్లు కొనే కార్లు నల్లగా, గంభీరంగా, నలుగురు కూచునేలా ఉంటాయి. ఈయన మాత్రం జనపనార మిల్లులో పనిచేసి సీమకి వెళ్ళిపోతున్న దొర దగ్గర రెండే రెండు సీట్ల కారు కొన్నారు. నేలకి జానెడు ఎత్తు, పైన గుడ్డ కప్పు, ముందు పొడుగాటి మూతి, కాలు కాస్త నొక్కితే చాలు ఎగిరి దూకే రకం. "ఇంట్లో ఇంతమందిమి ఉంటే రెండు సీట్ల కారేమిట్రా, బుద్ధుందా?" అని మామగారు కేకలేశారు. ఈయన నేల చూపులు చూశారే కాని జవాబివ్వలేదు.

జవాబు నాకు తెలుసు. మాది అత్తమామలూ, ముగ్గురు మరుదులూ, తోడికోడళ్ళూ, వాళ్ళ పిల్లలూ, వచ్చేపోయే చుట్టాలూ ఉన్న ఇల్లు. అందులో మొగుడితో ఒక్క మాట మాట్లాడాలంటే ముహూర్తం పెట్టుకోవాలి. ముందు గదిలో రోగులు, మధ్య గదిలో మామగారు, వెనక గదిలో పిల్లలు. ఆదివారం సాయంత్రం ఆ ఎర్రకారులో కాలవ గట్టు మీద షికారు వెళ్ళినప్పుడే మేమిద్దరం మొగుడూ పెళ్ళాలం. మూడోవాళ్ళు ఎక్కుదామన్నా చోటు లేదు. ఆ గంటసేపట్లో వారం రోజుల కబుర్లూ చెప్పేసేదాన్ని.

అలాంటిది, కిందటేడు వానాకాలంలో ఆ గట్టు మీదే, మలుపులో, కారు సర్రున జారింది. బొంగరంలా తిరిగి, వచ్చిన దారికేసి మొహం పెట్టి ఆగింది. ఒంటి మీద గీత పడలేదు కాని నా గుండె జారి కాలవలో పడింది. టైర్లు అరిగి గుండయిపోయాయనీ, ఆ సైజువి మన వైపు దొరకవనీ ఈయన ఎంత చెప్పినా నేను వినలేదు. "చచ్చినా మళ్ళీ ఈ కారెక్కను" అని ఒట్టు పెట్టేసుకున్నాను. దాంతో షికార్లు ఆగాయి. షికార్లతోపాటు మాటలూ ఆగిపోయాయి. "అన్నం తిన్నావా?", "తిన్నాను." అంతే మా సంసారం.

ఇంతలో గుంటూరు పొగాకు వ్యాపారి ఒకాయన కారు కొంటానని కబురు పెట్టాడు. ఈయన ఒక రాత్రి నెమ్మదిగా అన్నారు: "రాజ్యం, హైదరాబాదులో నవాబులు వాడే కార్లకి అన్ని రకాల టైర్లూ దొరుకుతాయిట. ఎండకీ వానకీ నిలిచేవి చూసి వేయిస్తాను. ఒక్కసారి ఎక్కి చూడు. నీకు ధైర్యం చిక్కిందా, కారుంటుంది. లేదంటే అక్కణ్ణుంచే గుంటూరికి టెలిగ్రాం కొట్టేస్తాను. నువ్వెక్కని కారు నాకెందుకు?"

సరే అన్నాను. కాని నిజం చెప్పొద్దూ, నాకు ఎక్కడం ఎంత భయమో, అది అమ్ముడుపోతుందంటే అంతకంటే ఎక్కువ దిగులు.

ఆడవాళ్ళ పెట్టెలో

విజయవాడ దాటాక నా పక్కన కాజీపేట వెళ్ళే ఒక పెద్దావిడ కూచుంది. ముక్కుకి రెండు వైపులా పుడకలు, ఒళ్ళో పెద్ద మూట. మూట విప్పి మక్క గారెలు, అంటే మన మొక్కజొన్న గారెలు, తీసి, అడక్కుండానే నా చేతిలో రెండు పెట్టింది.

"ఏడికి పోతున్నవ్ బిడ్డా?"

"హైదరాబాదండీ. తార్నాకలో మా పిన్ని ఉంటుంది."

"ఒక్కదానివేనా? నీ పెనిమిటేడి?"

"ఆయన కారులో వస్తున్నారు."

ఆవిడ నోటి దగ్గరికి వెళ్ళిన గారె అక్కడే ఆగింది. "నిన్ను రైలెక్కిచ్చి ఆయన కారుల వస్తుండా? ఏం మొగడే తల్లీ!"

పెట్టెలో ఉన్న ఆడవాళ్ళందరూ నాకేసి జాలిగా తిరిగారు. "అయ్యో, అలాంటి మనిషి కాదండీ, నేనే ఎక్కనన్నాను" అన్నాను.

"ఎందుకు? కారు మంచిగ లేదా?"

"కారుకేమండీ, బంగారంలాంటి కారు!"

అన్నాక నాకే ఆశ్చర్యమేసింది. అక్కణ్ణుంచి ఆవిడ దిగేదాకా ఆ కారు గొప్పలే చెప్పుకొచ్చాను. కారం తినేవాళ్ళమని మనకో పేరుంది కదా, ఆ మక్క గారెల్లో పచ్చిమిరపకాయల దెబ్బకి నా కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. ఆవిడేమో మా పులిహోర నోట్లో పెట్టుకుని, "గింత పులుపు ఎట్ల తింటరమ్మా, పండ్లు జివ్వుమంటున్నయి" అని మొహం చిట్లించింది. ఇద్దరం చెంబులో నీళ్ళు పంచుకు తాగాం.

తార్నాక

బాబాయి సికింద్రాబాదు స్టేషనుకి వచ్చాడు. యూనివర్సిటీలో లెక్కల లెక్చరరు. రిక్షా ఎక్కించి, ఎత్తు వచ్చినప్పుడల్లా తను దిగి నడుస్తూ, పల్లం వచ్చినప్పుడు ఎక్కుతూ ఇల్లు చేర్చాడు. ఏలూరులో ఎత్తంటే కాలవ వంతెన ఒక్కటే. ఇక్కడ ఊరంతా ఎత్తుపల్లాలే, దారి పొడుగునా పెద్ద పెద్ద గుండ్రాళ్ళు. వాటిని తొలిచే ఓపిక లేక వదిలేసి, ఖాళీ ఉన్న చోట ఇళ్ళు కట్టుకున్నారేమో అనిపించింది.

పిన్నిది కాకినాడ. పెళ్ళయి తార్నాక వచ్చి ఇన్నేళ్ళయినా కాఫీ గింజలు కాకినాడ నుంచే తెప్పించుకుంటుంది. వాళ్ళకి ఇల్లు అద్దెకిచ్చిన బాలమ్మ అదే ఆవరణలో ఉంటుంది. భువనగిరి వైపు వ్యవసాయం, ఆముదం చేలు. ఇక్కడ బర్రెలు, క్యాంపస్ క్వార్టర్లన్నిటికీ ఆవిడవే పాలు. పొద్దున్న పిన్ని కాఫీ, వెంటనే బాలమ్మ చాయ్. ఒకటి తాగి రెండోది వద్దంటే రెండో ఆవిడకి కోపం. నేనున్నన్ని రోజులూ రెండూ తాగాను. జొన్నరొట్టె, పచ్చిపులుసు కూడా బాలమ్మ దగ్గరే తిన్నాను. మనం పులుసంటే పొయ్యి మీద మరిగించాల్సిందే కదా. వాళ్ళు పొయ్యి మొహం చూపించకుండానే చింతపండు పిసికి, ఉల్లిపాయ వేసి చల్లగా పోసేస్తారు. ఏలూరు తిరిగొచ్చాక మా ఇంట్లో చేస్తే మామగారు రెండోసారి అడిగి పోయించుకున్నారు.

మావారు సాయంత్రానికి చేరారు. జుట్టంతా దుమ్ము, మొహం కందిపోయి ఉంది. "సూర్యాపేట దగ్గర వాన. నడిచినట్టే వచ్చాను, జారలేదు" అన్నారు గర్వంగా. "మిమ్మల్నెవరడిగారు?" అన్నాను. అన్నాను కాని, మధ్యాహ్నం నుంచీ ఆ గేటు దగ్గరికి ఎన్నిసార్లు వెళ్ళొచ్చానో పిన్నికి తెలుసు.

కారు ఆగిన పావుగంటకల్లా అడిక్‌మెట్‌లో గదులు తీసుకుని చదువుకునే కుర్రాళ్ళు సైకిళ్ళ మీద గుంపులుగా వచ్చేశారు. చదువుల ఊరు కదా, ఇంజను గురించి గొప్ప గొప్ప ప్రశ్నలేస్తారని మావారు చొక్కా సర్దుకుని నిలబడ్డారు.

"గాలన్‌కు ఎంతిస్తది సార్?" అన్నాడొకడు.

"గీ పైన బట్టకు చిల్లులు పడ్తె ఏం జేస్తరు సార్?" అన్నాడు ఇంకొకడు.

"ఇద్దరే కూసుంటరా? మరి పిల్లలైతే?" అన్నది బాలమ్మ. మావారు లోపలికి వచ్చేశారు.

లాలాపేట్ దుకాణం

మర్నాడు బాబాయి మమ్మల్ని లాలాపేట్‌లో యాదగిరి దుకాణానికి తీసుకెళ్ళాడు. యాదగిరి భారీ మనిషి. నోట్లో పాన్, భుజం మీద తువ్వాలు, కూచున్నది నాలుగు పాత టైర్ల దొంతర మీద. సరుకు చూపించమంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముందు చాయ్ తాగుండ్రి డాక్టర్ సాబ్. టైర్ యాడికి పోతది? గుండ్రంగున్నా గీడనే ఉంటది."

ఎదురుగా ఇరానీ హోటలు నుంచి చాయ్ వచ్చింది, ఉప్పూ తీపీ కలిసిన బిస్కట్లతో సహా. మన దుకాణాల్లో ధర తెగేదాకా మంచినీళ్ళు కూడా ఇవ్వరు. ఇక్కడ చాయ్ అయ్యేదాకా ధర మాటెత్తితే మర్యాద కాదట. పాలు మరిగి మరిగి మీగడలా ఉన్న ఆ చాయ్‌కి పదిహేను పైసలని బాబాయి చెవిలో చెప్పాడు. పిన్ని వినలేదు కనక చెబుతున్నాను, కాకినాడ కాఫీ దాని ముందు దిగదుడుపే.

తర్వాత మూడు రకాల టైర్లు దొర్లించుకొచ్చాడు.

"గిది సూడుండ్రి. ఎవరో నవాబ్ సాబ్ పందేల కారుది. ఎండల గోందు లెక్క రోడ్డును పట్టుకుంటది. ఎంత స్పీడన్న కొట్టుండ్రి, బేఫికర్."

"వానలో?" అన్నాను.

"వానల..." యాదగిరి పాన్ ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి మార్చాడు. "వానల దేవుడున్నడమ్మా."

అది అవతలికి దొర్లింది. రెండోది అరచెయ్యంత దిమ్మలున్న మందపు టైరు. "గిది లారీ ఖాందాన్‌ది. బురదల ఏనుగు లెక్క నడుస్తది. వానకు బెదరది. కాని జర స్పీడ్ పోతె ఊళ పెడ్తది. పక్కకు కూసున్న అమ్మ మాట మీకు ఇనబడదు."

"అదీ ఒక లాభమే కదా" అన్నారు మావారు, బాబాయికేసి చూసి నవ్వుతూ.

"వినబడకపోతే ఆ టైర్లు మాకొద్దు" అనేశాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను. మావారు నవ్వడం ఆపి నాకేసి చూశారు. నేను పమిట కొంగు సవరించుకుంటూ బిస్కట్లు లెక్కపెట్టాను.

మూడోది చూడ్డానికి ఏ గొప్పా లేదు. పట్టా మీద సన్నటి గీతలు, వేలిముద్రల్లా వంకర్లు తిరిగి ఉన్నాయి. పక్కలు మెత్తగా ఉబ్బి, గాలి దిగినట్టు కనిపిస్తోంది. రేడియల్ టైరట. క్యాంపస్‌లో జర్మనీ వెళ్ళి చదువుకొచ్చిన ఒక పంతులుగారు కారుకని తెచ్చుకుని, ఇవి వేయకుండానే కారమ్మేశారట, టైర్లు యాదగిరికి చేరాయి.

"పంక్చరయింది" అన్నాడు బాబాయి, వేలితో పక్కన నొక్కి.

"పంక్చర్ గాదు సార్, దాని బొజ్జనే గంత. రోడ్డు మీద మెత్తగ పరుసుకుంటది. గీ సన్న గీతలున్నయి సూడు, నీళ్ళను గవి పక్కకు నెడ్తయి. ఎండకైన వానకైన గిదే. సప్పుడు గూడ రాదు."

చప్పుడు రాదన్న మాట నాకు నచ్చింది. గోటితో ఆ గీతలు గీకి చూశాను, ఏదో తెలిసినదానిలా. "ఇవే వేయించండి" అన్నాను. వాటి ధర చెబితే మీరు నవ్వుతారు. ఆ డబ్బుకి మా వైపు మంచి పాడిగేదె వస్తుంది. యాదగిరి కొంత బయానా తీసుకుని, నాలుగు టైర్లూ బిగించి, "నడిపి సూడుండ్రి. నచ్చకుంటె ఎల్లుండి కల్ల వాపస్. అటెన్క నన్ను అడగొద్దు" అన్నాడు.

క్యాంపస్ రోడ్డు

మర్నాడు శుక్రవారం, శ్రావణం. పూజ చెయ్యకుండా అడుగు కదలడానికి వీల్లేదని పిన్ని తెల్లవారుతూనే లేచింది. నేను తలస్నానం చేసి వచ్చేసరికి కారు ముందు ముగ్గు, చక్రాల కింద నిమ్మకాయలు, టైర్లకి పసుపూ కుంకుమా, మూతికి బంతిపూల దండ. గోడౌన్‌లో పడుండి తెల్లగా బూజు పట్టినట్టున్న టైర్లు ఆ పూట నల్లగా నిగనిగలాడుతున్నాయి. కొత్తవి కదా అనుకున్నాను. కొబ్బరికాయ కొట్టి, నా చెయ్యి పట్టుకుని పిన్నే సీట్లో కూచోబెట్టింది. దేవుళ్ళందరికీ పేరు పేరునా దణ్ణం పెట్టుకున్నాను.

నిమ్మకాయలు నలిగాయి. గేటు దాటాం. సన్నటి తుంపర పడుతోంది. రోడ్డుకి అటూ ఇటూ పచ్చటి చెట్లు, దూరంగా రాతి కాలేజీ భవనం కోటలా కనిపిస్తోంది. "బావుంది కదూ?" అన్నారు మావారు. "ఊఁ" అన్నాను. నెలల తర్వాత మా ఇద్దరి మధ్యా మొదటి షికారు మాట అదే.

రెండో మాట పుట్టేలోపే మలుపు వచ్చింది. సైకిళ్ళు అడ్డం వచ్చాయి. ఈయన బ్రేకు వేశారు. కారు సబ్బు మీద కాలేసినట్టు జారి, ఒక చుట్టు తిరిగి, కంచె పొదల్లో వెనక్కి కూచుంది. బంతిపూల దండ ఎగిరి నా ఒళ్ళో పడింది.

ఎలా దిగానో తెలీదు, చక్రాన్ని రాసుకుంటూ దిగాను. కుర్రాళ్ళు సైకిళ్ళు పడేసి పరుగెత్తుకొచ్చి కారు తోశారు. "సార్ బ్రేక్ మంచిగనే కొట్టిండు, బండే ఇనలే" అన్నాడొకడు ఓదార్పుగా. మావారు నా చేతులు, మోచేతులు, నుదురు డాక్టరులా ఒక్కొక్కటీ పరీక్ష చేసి చూసుకున్నారు. "అయిపోయింది రాజ్యం. ఇంక నిన్ను అడగను" అన్నారు. నేను నడిచి ఇంటికి వచ్చాను. ఆయన కారుని నత్తలా నా వెనకే తీసుకొచ్చారు.

చీర కుచ్చిళ్ళు

మధ్యాహ్నం అన్నాలయ్యాక బాబాయి టెలిగ్రాం రాయడానికి కూచున్నాడు. లెక్కల మనిషి, మాటలు కొట్టేసి కొట్టేసి చివరికి "కారు మీదే, రండి" దగ్గరికి తెచ్చాడు. మావారు వాలుకుర్చీలో పడుకుని కప్పుకేసి చూస్తున్నారు.

నేను దొడ్లో చీర ఉతుక్కుంటున్నాను. చక్రానికి రాసుకున్న చోట కుచ్చిళ్ళకి నల్లటి మరక. ఎంత రుద్దినా నీళ్ళు దాని మీద నిలవకుండా జారిపోతున్నాయి. దగ్గరికి తీసి వాసన చూశాను. చిన్నప్పుడు ముక్కు మూసి గొంతులో పోయించుకున్నవాళ్ళెవరూ ఆ వాసన మర్చిపోరు. ఆముదం!

టైరుకి ఆముదమేమిటి? తడి చేతులతోనే వంటింట్లోకి పరుగెత్తాను.

"పిన్నీ, టైర్లకేమన్నా రాశావా?"

పిన్ని మొహం వెలిగింది. "రాయకేం చేస్తానే! నాలుగింటికీ, వేళ్ళు నొప్పెట్టేలా మర్దనా చేశాను. కొత్త బండికి ఆముదం పెట్టందే తియ్యరుట వీళ్ళ వైపు. బాలమ్మ చెప్పి, గిన్నెడు తన చేలోదే ఇచ్చింది. ఎలా నిగనిగలాడాయో చూశావుగా?"

"ఎక్కడ పెట్టమంది?"

"చక్రానికని చెప్పిందే." అని, నా మొహం చూసి, పిన్ని గరిటె కింద పెట్టేసింది. మెల్లిగా అర్థమైంది ఆవిడకి. "అయ్యో అయ్యో! అందుకా జారింది? నా చేతులు విరగ్గొట్టా! రాజ్యం, నీకు దణ్ణం పెడతాను, అల్లుడుగారితో అనకే. నా పరువు పోతుంది. ఎలాగూ అమ్మేస్తున్నారుగా, అమ్మెయ్యనీ!"

నేను చీర పట్టుకుని అలా నిలబడిపోయాను. నోరు మూసుకుంటే ఎంత సుఖం! పిన్ని పరువు దక్కుతుంది. నా ఒట్టు గెలుస్తుంది. "చెప్పానా, అది జారుడు కారని" అని జీవితమంతా అనొచ్చు. మళ్ళీ ఆ సీట్లో గుండె అరచేతిలో పెట్టుకుని కూచోనక్కర్లేదు. ఇంటికి పోయి, "తిన్నావా?", "తిన్నాను" అనుకుంటూ ముసలివాళ్ళమైపోవచ్చు.

ఆ ఆఖరి మాట దగ్గర నా వల్ల కాలేదు. బాబాయి గొడుగు తీసుకుని పోస్టాఫీసుకి బయల్దేరుతున్నాడు. "ఆగు బాబాయ్!" అని కేకేసి, వరండాలోకి వెళ్ళి, తడి చీర తీసుకెళ్ళి మావారి ముక్కు దగ్గర పెట్టాను.

ఆయన వాసన చూసి కళ్ళు చిట్లించారు. "ఆముదం. ఎవరికి విరేచనాలకిచ్చారు?"

"టైర్లకి" అన్నాను.

సంగతంతా విని ఆయన లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళారు. పిన్ని బియ్యం డబ్బా వెనక్కి నక్కింది. "అత్తయ్యగారూ, ఆముదమేమన్నా మిగిలిందా? కంచెలోంచి కారు తోసి నడుం పట్టేసింది, కాస్త మర్దనా చేసుకుంటాను" అన్నారు. పిన్ని ఏడుస్తూనే నవ్వింది. ఆయన వెనక నిలబడి చూస్తున్న నాకు వాళ్ళిద్దరూ ముద్దొచ్చారు.

కుంకుడు రసం

బాలమ్మకి తెలిసి గంగవెర్రులెత్తింది. "ఇరుసుకు పెట్టాలె గదమ్మా! రోడ్డును తాకేదానికి ఎవరన్న నూనె రాస్తరా? ఎడ్లు గూడ నవ్వుతయి!"

"మాకు ఎడ్ల బళ్ళు లేవమ్మా, ఇరుసేదో కొసేదో నాకేం తెలుసు? చక్రమంటే చక్రమే అనుకున్నాను" అన్నది పిన్ని. అని, అంతలోనే నడుం బిగించింది. "సరే, నూనె పెట్టినదాన్ని, తలంటు పొయ్యడం నాకు రాదా?"

పొయ్యి మీద కాగు పెట్టి కుంకుడుకాయలు ఉడికించింది. పెసరపిండి తెచ్చింది. పిన్నీ, బాలమ్మా, నేనూ తలో చక్రం దగ్గరా కూచున్నాం. నాలుగోదానికి మావారు పంచె ఎగ్గట్టుకుని కూచున్నారు. బాబాయి రసం పోస్తాడు, మేం పిండి పెట్టి రుద్దుతాం. ఆ సన్న గీతల్లోని జిడ్డు చీపురుపుల్లతో తీశాం. వాకిలంతా నురగ. సరిగ్గా అప్పుడు గేటు దగ్గర సైకిలు ఆగింది. ఎర్రకారు కంచెలో పడిందన్న కబురు లాలాపేట్ దాకా పోయినట్టుంది, యాదగిరి సరుకు చూసుకుందామని వచ్చాడు.

చూసి, పాన్ నమలడం మర్చిపోయాడు. "ఏందమ్మా గిది! టైర్లకు పండుగ తానమా?"

సంగతి తెలిశాక మొదట ఒళ్ళు మండింది. "సీమ సరుకును ఖరాబ్ జేస్తిరి! నా దుకాణం పేరు గంగల కలుపుతిరి!" అని గంతులేశాడు. తర్వాత నేను కడిగిన చక్రం దగ్గర కూచుని, బొటనవేలితో గట్టిగా రుద్ది, వేలు వాసన చూసి, "ఇంకొక్కసారి పొయ్యుండ్రి. గీడ జర మిగిలున్నది" అన్నాడు. అతనికి బాలమ్మ చాయ్ ఇచ్చింది. పిన్ని ఊరుకుంటుందా, కాఫీ ఇచ్చింది.

బాలమ్మ బర్రెలు

టెలిగ్రాం కాగితం బాబాయి జేబులోనే ఉంది. మావారు నన్ను ఎక్కమనలేదు. అడగనని మాటిచ్చారు కదా. మర్నాడు పొద్దున్న పెద్ద వాన. తాళంచెవి చేతిలో పట్టుకుని, "నేనొక్కణ్ణీ చూసొస్తాను" అని వాకిట్లోకి నడిచారు. ఆయన కారు చుట్టూ తిరిగి తలుపు తీసేసరికి పక్క సీట్లో నేనున్నాను. సీటు అంచు రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను.

ఆయన కారు స్టార్టు చేశారు. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. నిన్నటి మలుపు వచ్చిందని ఒంటికి తెలిసింది. దాటింది. కళ్ళు తెరిచాను. కాలేజీ ముందు పొడుగాటి తిన్నటి రోడ్డు, వాననీళ్ళు కాలవ కట్టాయి. "కొంచెం స్పీడు పెంచనా?" అన్నారు. "మీ ఇష్టం" అన్నాను. చక్రాల కింద నీళ్ళు రెండు వైపులా విసనకర్రల్లా లేచాయి. కారు మాత్రం గీత గీసినట్టు తిన్నగా పోతోంది.

అప్పుడు చెట్ల మధ్యలోంచి, ఎంతో తాపీగా, బాలమ్మ బర్రెలు రోడ్డెక్కాయి. నేను కేక పెట్టాను. బ్రేకు పడింది. కారు ఊగలేదు, తిరగలేదు. ఉన్నచోట ఉన్నట్టు ఆగిపోయింది. ముందు బర్రె కారు మూతిని వాసన చూసి, నచ్చక, తల తిప్పుకుని పోయింది. వెనకే గోనెసంచి నెత్తిన వేసుకున్న బాలమ్మ.

"నా బర్రెలు, మాకు గూడ ఆముదం రాస్తరేమోనని జూస్తున్నయి బిడ్డా!" అన్నది.

మేమిద్దరం ఒకేసారి నవ్వడం మొదలుపెట్టాం. ఎంతకీ ఆగలేదు. నవ్వి నవ్వి నేను ఏడ్చేశాను కూడా. ఆయన జేబురుమాలు ఇచ్చారు. ఇంటికి వచ్చాక బాబాయి జేబులోంచి టెలిగ్రాం కాగితం నేనే తీసి, పిన్ని కుంపటి రాజేసుకోడానికి ఇచ్చాను.

తిరుగు దారి

నా రైలు టిక్కెట్టు బాబాయి వాపసు ఇచ్చేశాడు. బాలమ్మ ఒక సీసా ఆముదం ఇచ్చి, "నెత్తికి! నెత్తికే!" అని పదిసార్లు చెప్పింది. ట్రంకుపెట్టె కారులో పట్టలేదు, తర్వాత పార్సెల్లో వచ్చింది. రెండు సీట్ల కారులో మూడోదానికి చోటుండదని చెప్పాను కదా.

సూర్యాపేట దగ్గర మళ్ళీ వాన. గుడ్డ కప్పు నా భుజం మీద బొట్టుబొట్టుగా కారుతోంది. టైర్లు చప్పుడు చెయ్యడం లేదు. యాదగిరి అబద్ధం చెప్పలేదు.

"అయితే చెప్పు" అన్నారు మావారు.

"ఏమిటి?"

"కిందటేడు వానాకాలం నుంచీ దాచుకున్నవన్నీ."

మొదలుపెట్టాను. చిన్న తోడికోడలి గాజుల తగువు, మామగారు దొంగతనంగా తినే జంతికలు, రాత్రిళ్ళు ఆయన ఆలస్యంగా వస్తే నాకు పట్టే దిగులు, ఆయన మాట్లాడకపోతే నేను గోడతో చెప్పుకున్న మాటలు. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా ఊఁ కొడుతూనే ఉన్నారు. మధ్యలో ఆయనవీ కొన్ని చెప్పారు. అవి ఇక్కడ రాయను. నందిగామ దగ్గర అరటిపళ్ళు కొన్నాం. విజయవాడలో కాఫీ తాగాం, లాలాపేట్ చాయ్‌ని తలుచుకున్నాం.

ఏలూరు పొలిమేర చేరేసరికి పొద్దు వాలుతోంది. వాన వెలిసింది కాని నేలంతా తడి. నా కబుర్లు ఇంకా సగం కూడా కాలేదు. మలుపు తిరిగితే మా వీధి, మా ఇల్లు, గుమ్మంలో ఎదురుచూసే అత్తగారు, పిల్లలు, రోగులు. అక్కడ ఆయన కారు ఆపేశారు.

"ఇంటికేనా?" అన్నారు, ముందుకి చూస్తూ.

"కాలవ గట్టు మీదుగా పోనివ్వండి" అన్నాను.